పెద్దయ్య తెరిచిన పుట

మా ఇంట్లో బడి పొయ్యి పక్కన నడిచేది. కిరసనాయిలు డబ్బాలు వచ్చే పెట్టె చెక్క ఒకటి దొరికితే, దాని మీద బూడిద జల్లి, అరచేత్తో చదును చేసి పెద్దకూతురి చేత అక్షరాలు దిద్దించేదాన్ని. అన్నం ఉడికేలోపల పాఠం అయిపోవాలి. కుండ పొంగిందంటే బడి వదిలేసినట్టే. పిల్ల తప్పు రాస్తే ఊదుగొట్టంతో ఆ బూడిదంతా ఊదేసి మళ్ళీ మొదటినుంచి రాయమనేదాన్ని. నాకు ఓపిక లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పిల్లకి మాత్రం వాళ్ళ అయ్య నెమ్మది వచ్చింది. నేను ఎంత అరిచినా తల వంచుకుని, చెదిరిన బూడిదని మళ్ళీ దగ్గరికి లాక్కునేది.

మేముండేది సముద్రం మధ్య చెరుకు దీవిలో, బెల్ ఎయిర్ రివియేర్ సెష్ అనే ఊరికి ఎగువన, ఒక చక్కెర తోట తాలూకు కాంపులో. గడ్డి కప్పిన గదులు రెండు వరసలు, వాటి వెనక చెరుకు, చెరుకు మధ్యలో నల్లరాళ్ళ గుట్టలు. మా నాన్న విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. బట్టల మూటలో ఒక పాటల పుస్తకం తెచ్చుకున్నాడు. నాకు అక్షరాలు అందులోనే చూపించాడు. కొడుకులు లేరు కాబట్టి నాకు చెప్పాడు, ఉంటే చెప్పేవాడు కాదు, అది నాకు తెలుసు. తెలిసినా కోపం రాలేదు, వచ్చిన చదువు వచ్చింది కదా అనుకున్నాను. ఆయన పోయాక ఆ పుస్తకం నాతో అత్తింటికి వచ్చింది.

రోడ్డు మీద ఒక బడి, అక్కడి మాటలో లేకోల్, లేకపోలేదు. కాంపులో మగపిల్లలు ఇద్దరు ముగ్గురు బుద్ధి పుట్టినప్పుడు వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లని పంపే ఇల్లు మా వరసలో ఒక్కటీ లేదు. పంపినా అక్కడ మన అక్షరం ఒక్కటీ చెప్పరు. అందుకని నేనే చెప్పాను. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు, "మీ లేకోల్ ఎలాగుందే? మాస్టరమ్మ జీతం ఎంతే?" అని నవ్వేవాళ్ళు. "మీ నోళ్ళ కంటే నయంగా ఉంది" అని బిందె నెత్తికెత్తుకుని వచ్చేసేదాన్ని.

ఆ తోటలో ఒక నియమం. గది ఇచ్చారంటే ఆ గది నుంచి ఇద్దరు పనికి రావాలి. మా గదికి మా ఆయన ఒకడు, నేను ఒకదాన్ని. చలిజ్వరం పట్టుకున్నాక నేను పడిపోయాను. రోజు విడిచి రోజు వణుకు. పొట్టలో ఎడమవైపు జ్వరపు బల్ల గడ్డలా పెరిగి చేత్తో తడిమితే గట్టిగా తగిలేది. చిన్నకూతురు ఇంకా పాలు మానలేదు, అప్పుడే మళ్ళీ నీళ్ళోసుకున్నాను. కొన్నాళ్ళు పని చేయించే సిర్దారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వానలకి చెరుకులో గడ్డి ముదిరాక ఇక ఊరుకోలేదు. ఒక ఆదివారం మా గుమ్మం ముందు నిలబడి, "రేపు కాదు, ఆ పై సోమవారం నుంచి మీ గదికి రెండో మనిషి కనబడాలి. లేకపోతే గది ఖాళీ చెయ్యండి" అన్నాడు. నా వైపు చూసి, లోపల బూడిద ముందు కూర్చున్న పిల్ల వైపు చూసి, "అది ఖాళీగానే ఉంది కదా, పిల్లల బాండులో వెయ్యండి" అన్నాడు.

పిల్లల బాండంటే ఆ ఈడు పిల్లల గుంపు. చెరుకు వరసల్లో గడ్డి పీకాలి, రాళ్ళేరి గుట్టల మీద పొయ్యాలి. చెరుకాకు అంచుకి చేతులూ మెడా కోసుకుపోతాయి. కోసుకుపోవడం సంగతి ఎలా ఉన్నా, ఆ గుంపులోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ పలక ముఖం చూడదు. చీకటితో లేచి వెళ్ళి, వచ్చి, తిని పడిపోతుంది. పక్క గదుల పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. నా పిల్లకి చదువు ఇక రెండడుగుల దూరంలో ఉంది. నేను ఎందుకు వదులుతాను?

ఆ సాయంత్రం పొయ్యి దగ్గరే మొదలైంది.

"పిల్లెల్తాది" అన్నాడు మా ఆయన.

"పిల్లెల్లదు. నానెల్తాను."

"ఏటి నువ్వెల్లీది? నిలబడితే తూలిపోతన్నావు. ఆ వరసల్లో పడి సచ్చిపోతావే. ఇద్దరు పిల్లల్నెట్టుకుని నానేటి సేసుకోవాలి?"

"సచ్చీదాన్నైతే ఇక్కడా సస్తాను. దానికి సదువుంది, మావా. సగంలో ఉంది."

"ఏటి సదువు! బూడిదలో గీతలు!"

ఆ మాటకి నా ఒళ్ళు మండింది. చేతిలో గరిటె విసిరాను. ఆయన మీద కాదు, గోడ మీద. పిల్ల మూల కూర్చుని గిన్నెలు తోముతోంది. దాని చెయ్యి ఆగిపోయింది. "నువ్వు తోమవే, ఏం వింటున్నావు?" అని దాన్ని కూడా కసిరాను.

మా గోల ఎదురు వరసకి వినబడింది. పెద్దయ్య కర్ర తాటించుకుంటూ వచ్చాడు. ఆయనే మా కాంపులో శనివారం భజన నడిపేవాడు, పిల్లలకి పేర్లు పెట్టేవాడు, తగవులు తీర్చేవాడు. పూజారి కాదు, ఆయనా చెరుకు కొట్టి చేతులు కాయలు కాచినవాడే. కాంపు మగవాళ్ళలో మన అక్షరం చదవడం వచ్చింది ఆయనొక్కడికే. నా మాట విన్నాడు, మా ఆయన మాట విన్నాడు, గుమ్మంలో కూర్చున్నాడు.

"నా కళ్ళు మసకేసినాయి" అన్నాడు. "నా తరవాత ఈ కాంపులో పుస్తకం పట్టీవాడు లేడు. నువ్వు సూస్తే జొరంలో ఉన్నావు. మగోడైతేనేటి, ఆడపిల్లైతేనేటి. వొచ్చీ శనారం దీపం ముందు నా పుస్తకం తెరుస్తాను. నాకు నచ్చిన పుట. పిల్ల సదివిందా, తల్లి మాట నిలబడతాది. తల్లి పనికెల్తాది, పిల్ల ఇంట్లో సదువుకుంటాది. సదవలేదా, సోమారం పిల్ల బాండుకెల్తాది. ఇంక గరిటెలు ఇసరొద్దు."

మా ఆయన ఒప్పుకున్నాడు, నేనూ ఒప్పుకున్నాను. పిల్లని ఎవరూ అడగలేదు.

ఆ దీపం సంగతి చెప్పాలి. నిలువెత్తు దీపపు కుందె మధ్యలో పెట్టి, చుట్టూ వలయంగా తిరుగుతూ రామ భజన చేసేవాళ్ళం. దాని ముందు ఆడిన మాటకి మా కాంపులో తిరుగులేదు. కోర్టూ పోలీసూ మాకు అందేవి కావు, మాకున్నది దీపమే. దాని మీద అబద్ధమాడినట్టు తేలితే ఆ మనిషిని మళ్ళీ వలయంలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఆ ఇంటికి నిప్పు కూడా ఇచ్చేవారు కాదు. మేకని దొంగిలించి, దీపం ముందు కాదని ఒట్టేసిన ఒకతను, నిజం బయటపడ్డాక పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పిటాన్ అనే ఊరి వైపు వెళ్ళిపోయాడు. నేను అప్పుడు కొత్తకోడల్ని. వాళ్ళు వెళ్తుంటే వాకిట్లోకి వచ్చి చూసినవాళ్ళు కూడా లేరు.

నాకు ధీమాగా ఉంది. పిల్ల నా పుస్తకంలో పాటలన్నీ గడగడా చదివేస్తుంది మరి. అయినా ఒకసారి చూద్దామని మర్నాడు పుస్తకం వెనకవైపు తెరిచి ముందు పెట్టాను. మేమెప్పుడూ పాడని వచనం అక్కడుంది. పిల్ల వేలు పెట్టి మొదలుపెట్టింది. వేలు ఆ వచనం మీద ఉంది, నోట్లో మాత్రం మొదటి పుటలోని ప్రార్థన. ఆగకుండా, నా రాగంలోనే, నేను ఊపిరి తీసుకునే చోటే తనూ తీసుకుంటూ.

ఇన్నాళ్ళూ అది చదివింది అక్షరాల్ని కాదు, నన్ను. మా ఇళ్ళల్లో పుస్తకమంటే పాట. నేను రుబ్బుతూ పాడతాను, పిల్లని జోకొడుతూ పాడతాను. కడుపులో ఉన్నప్పటినుంచి విన్నదాన్ని పుస్తకంలో చూపించి "చదువు" అంటే ఎవరు చదవరు? మా నాన్న నాకూ అలాగే చెప్పాడు. ఏదో ఒకనాడు అక్షరం దానంతటదే నోటికీ కంటికీ మధ్య కుదురుకుంటుంది. నాకు కుదిరింది. దానికి కుదిరేదాకా ఆగుదామంటే సిర్దారు ఆగడు.

ఆ వారం నేను రాక్షసిలా పాఠం చెప్పాను. వరసని చివరి మాట నుంచి వెనక్కి చదివించాను, పాట అందకుండా. ఒక మాట చూపించి పక్కవన్నీ చేత్తో మూసేశాను. వణుకు వచ్చిన రోజు గోనెలు కప్పుకుని, పళ్ళు కొట్టుకుంటుంటే "ఊఁ, తరవాత?" అన్నాను. చిన్నది ఏడిస్తే దాన్ని రొమ్ముకి కరిపించుకుని, రెండో చేత్తో పుట పట్టుకున్నాను. పిల్ల ఏడ్చింది. "అమ్మా, తలనొప్పి" అంది. "నాకూ ఉంది" అన్నాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళి కూర్చునేవాడు. ఆ మౌనం చూస్తే నాకు ఇంకా మండేది. నా పిల్ల ఓడిపోవాలని ఎదురుచూస్తున్నాడనుకున్నాను. పాపం, నా ప్రాణం గురించి భయపడుతున్నాడని తెలియదా అంటే తెలుసు. కోపంగా ఉన్నప్పుడు తెలిసినవి పనికిరావు.

గురువారం పిల్ల ఒక వరస కూడబలుక్కుంది. శుక్రవారం వరస మీద వరస. శనివారం పొద్దున్న వెనక పుటల్లోంచి ఒకటి తీసి ముందు పెడితే, ఎన్నడూ వినని ఆ పుటని నెమ్మదిగా, తడబడకుండా చివరిదాకా చదివేసింది. చదివి, తనే ఆశ్చర్యపోయి నన్ను చూసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. ముద్దు పెట్టుకోవడం మాకు తెలీదు, దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వాను.

దువ్వుతుంటే అడిగింది. "అమ్మా, నాను సదివితే సోమారం నువ్వెల్తావా?"

"ఎల్తాను."

"జొరం వొస్తే?"

"వొస్తే వొస్తాది. నువ్వు సెల్లిని సూసుకో, గంజి కాసి పెట్టు, పుస్తకం మాత్రం ఇడిసిపెట్టకు."

జడ బిగుతుగా వేశానంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందరూ చేరారు. కుందెకి పసుపు రాసి, ఒత్తులన్నీ వెలిగించారు. మొదటి పాట అయ్యాక పెద్దయ్య చెయ్యెత్తి ఆపాడు. పిల్లని పిలిచి దీపం ముందు కూర్చోబెట్టాడు. నేను ఆడవాళ్ళ వరసలో ముందుకి జరిగాను, చంకలో చిన్నది. మా ఆయన అవతలి వైపు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దయ్య తన పుస్తకం తీసి, కళ్ళు మూసుకుని, మధ్యలో ఎక్కడో వేలు పెట్టి తెరిచాడు. పాట కాదు, వచనం. నేనున్నచోటికి కనబడింది. నాకు నవ్వొచ్చింది కూడా. పొద్దున్న చదివినదానికంటే తేలిక.

పిల్ల పుస్తకం అందుకుంది. వంగింది. దాని కళ్ళు మొదటి వరస మీద కదిలాయి. చివరికెళ్ళి, కిందికి దిగి, రెండో వరస. మూడో వరస. పెదవులు కొంచెం కదిలాయి కూడా. నాకు కనబడుతోంది, అది చదువుతోంది. పుట చివరిదాకా చదివింది. చదివేసి, నోరు మూసుకుని, తలెత్తి నా వైపు చూసింది.

"సదువు తల్లీ" అన్నాడు పెద్దయ్య.

"రాదు తాతా" అంది.

"బయపడకు. నిదానంగా సదువు."

"నాకు సదవడం రాదు తాతా. పాటలైతే నోటికొచ్చు."

"దీపం మీద సెప్పు."

చెయ్యి చాచి, మంట మీదికి పట్టింది. "రాదు."

ఎవరో "బొండ్యే, దేవుడా, పాపం పిల్ల" అన్నారు. నీళ్ళ దగ్గర నవ్వే ఆడవాళ్ళు ఆ రోజు నవ్వలేదు, నా భుజం నిమిరారు. అది నవ్వు కంటే ఘోరంగా ఉంది. నా గొంతుదాకా వచ్చింది, అబద్ధం, అది చదివింది, నా కళ్ళతో చూశాను అని. నోరు తెరిచాను కూడా. అప్పుడు తట్టింది. నేను ఆ మాటంటే, నా కూతురు దీపం మీద అబద్ధమాడిందని కాంపుకంతటికీ నేనే చాటినట్టు. పిటాన్ వైపు వెళ్ళిపోయిన వాళ్ళు కళ్ళముందు కదిలారు. నోరు మూసుకున్నాను. పెద్దయ్య పుస్తకం మూసేసి, "సరే, రాముడి సిత్తం" అని మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. మా ఆయన తాళం తప్పాడు.

గదికి రాగానే పిల్లని ఒక్కటిచ్చాను. "ఎందుకే? నీకు వొచ్చు కదే! నా కళ్ళముందు సదివినావు కదే!"

అది చెంప పట్టుకోలేదు, ఏడవలేదు. "నువ్వెల్తే సచ్చిపోతావని అయ్య అన్నాడు" అంది. "నాకు సదువు లేకపోయినా పరవాలేదు."

నేను నేల మీద కూలబడ్డాను. దాన్ని లాక్కుని, ఇందాక కొట్టిన చెంపనే నా మొహానికి అదుముకున్నాను. అది నెమ్మదిగా నా వీపు నిమురుతూ, "గట్టిగా ఏడవకమ్మా, తాతకి ఇనబడతాది" అంది. మా ఆయన ఇంకా భజనలోనే ఉన్నాడు.

సోమవారం పనికి పిలిచే బూర ఊదగానే పిల్ల లేచింది. తలకి గుడ్డ కట్టాను, గంజి తాగించాను, నిన్నటి రొట్టె మూట కట్టిచ్చాను. పిల్లలందరూ గోలగోలగా వెళ్తుంటే వాళ్ళలో కలిసిపోయింది. ఆ రోజంతా అక్షరాల చెక్క గోడకి ఆనించి అలాగే ఉంది. నాకు వణుకు వచ్చింది. ఆ వణుకులో, ఈ వేళకి నేను చెరుకు మధ్యలో పడి ఉండేదాన్ని అనుకున్నాను. బతికి ఉన్నందుకు సంతోషం వేసింది, ఆ సంతోషానికి సిగ్గు వేసింది.

సాయంత్రం వచ్చింది. చేతులు చూస్తే చూడలేకపోయాను. ఆముదం రాస్తుంటే, ఒక్కసారి గుర్తొచ్చినట్టు నవ్వింది.

"అమ్మా, తాత తెరిసిన పుటలో ఏటుందో నీకు తెలుసా? కోతులు రాళ్ళు మోస్తాయి. ఒకటి సానా సిన్న కోతి. పెద్ద కోతులు దాన్ని ఎక్కిరిస్తాయి, అయినా మోస్తాది. నానూ ఇయ్యాల మోసినాను."

గుమ్మంలో అలికిడైంది. మా ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి రాబోతూ ఆగిపోయాడు. పిల్ల నోరు టక్కున మూసుకుంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆ పుటలో ఏముందో పెద్దయ్య ఎవరికీ చదివి వినిపించలేదని ఆయనకి తెలుసు.

లోపలికి వచ్చి పిల్ల పక్కన కూర్చుని, దాని రెండో చెయ్యి తీసుకుని ఆముదం రాయడం మొదలుపెట్టాడు. "ఎవరికీ సెప్పకండే" అన్నాడు, మా ఇద్దరితోనూ.

చెప్పలేదు. నేను బతికాను. కడుపులో బిడ్డా బతికింది. పెద్దది పెళ్ళయ్యేదాకా ఆ బాండులోనూ, ఆ తరవాత పెద్దవాళ్ళ బాండులోనూ పనిచేసింది. బాండుకెళ్ళిన పిల్ల తిని పడిపోతుందనుకున్నాను కదా, ఇది పడిపోలేదు. గుమ్మానికి గోనెపట్టా దించేసి, గొంతు తగ్గించి, నా పక్కన కూర్చుని రోజూ ఒక పుట చదివేది. నా పుస్తకం అయిపోతే మళ్ళీ మొదటినుంచి చదివేది. పక్క వరసలోకే కోడలిగా వెళ్ళింది. ఇప్పుడు దాని కూతురికి అదే అక్షరాలు దిద్దిస్తోంది, తలుపు వేసుకుని.

పెద్దయ్య కళ్ళు పూర్తిగా పోయాయి, తరవాత ఆయనా పోయాడు. ఇప్పుడు నా కళ్ళకీ అక్షరం ఆనదు. ఆయన పుస్తకాన్ని పసుపుగుడ్డలో కట్టి దీపం పక్కన పెట్టారు. శనివారం శనివారం దానికి బొట్టు పెట్టి, నోటికొచ్చిన పాటలే పాడుకుంటున్నాం. ఏటేటా కొన్ని మరుపున పడుతున్నాయి. పాట మధ్యలో ఆగిపోయినప్పుడు ఎవరో ఒకరు ఆ మూట వైపు చూసి, "ఏటి సేస్తాం, సదివీవోళ్ళు లేరు కదా" అంటారు. దీపం చుట్టూ తిరుగుతున్న నా కూతురు కూడా ఆగి, అందరితో పాటు, లేరని తలూపుతుంది.